నేను కొట్టేసిన ఏడో క్లెయిము

లోకంలో చాలామందికి పేటెంటు లేదు. అందుకోసం వాళ్ళేమీ కష్టపడలేదు. నాకు మాత్రం పేటెంటు లేకుండా పోవడానికి ఆరేళ్ళు పట్టింది. ఒక దరఖాస్తు, ఒక తిరస్కారం, ఒక అప్పీలు, చెన్నైకి మూడు ప్రయాణాలు చేసి, అందరిలాగే నేనూ పేటెంటు లేనివాణ్ణయ్యాను.

నా పేరు హనుమంతరాయుడు. ఊరు పెనుకొండ. డిప్లొమా ముగించి 1996లో హిందూపురం పక్కన తూముకుంటలో, వాల్వుల విడిభాగాలు చేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో చేరాను. కంప్యూటరుతో నడిచే లేతు మిషన్లకు ఏ టూలు ఎప్పుడు ముందుకు రావాలి, ఎంత లోతు కోయాలి అన్నది అంకెల్లో రాసివ్వడం నా పని. పెనుకొండలో ఎవరైనా అడిగితే మాత్రం ‘కంప్యూటర్ ఇంజనీర్‌ని’ అనేవాణ్ణి. నా భార్య నిర్మల హైస్కూల్లో లెక్కల టీచరు. పెళ్ళయిన కొత్తలో పక్కనుంచి “డిప్లొమా” అని సరిదిద్దేది. తర్వాత ఓపిక లేక వదిలేసింది.

మా యజమాని రామచంద్రయ్య బెల్లం మండీ నుంచి ఇనుములోకి వచ్చిన మనిషి. ఏ సరుకైనా చేత్తో పట్టుకుని చూస్తే తప్ప నమ్మడు. 2001లో ఒకరోజు ఆయన ఒక వాల్వు బాడీని చేత్తో పట్టుకుని చూశాడు. లోపల గరుకుగా ఉంది. ఇంకొకటి చూశాడు. అదీ అంతే. పొద్దున షిఫ్టులో చేసిన సరుకంతా రిజెక్టు. టూలు కొనకు బిగించే చిన్న బిట్టు అరిగిపోయినా, దాన్ని మార్చకుండా అలాగే కోసుకుంటూ పోయింది మిషను.

“కంప్యూటరు మిషన్ అంటివి కదబ్బా. బిట్టు అరిగింది దానికి తెలీదా?” అన్నాడు నాతో.

“తెలీదు సార్. దాని స్క్రీను మీద టూలు నెంబరు మాత్రమే కనపడుతుంది.”

“నీకు?”

“నాకూ తెలీదు సార్.”

“మరి ఎవురికి తెలుసు?”

“నాకు తెలుసు సార్,” అని వెనకనుంచి ఒక గొంతు వినపడింది. “పొద్దున్నే చెప్తి. ఎవురూ ఇనలే.”

ఆ గొంతు చౌడక్కది. టూలు రూము ఆమె చేతిలో ఉండేది. నలభై దాటిన మనిషి. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంట్లో పుట్టి, పెళ్ళయి హిందూపురం వచ్చింది. భర్త పోయాక ఫ్యాక్టరీలో చేరింది. ఏ బిట్టు ఎంత అరిగిందో రిజిస్టరులో రాయాలని మేము చెప్తే, ఆమె తనకు తెలిసిన పద్ధతిలో గుర్తు పెట్టుకునేది. గోడకు మేకులు కొట్టి, ఒక్కో టూలు పేరు మీద ఒక్కో పట్టుదారం వేలాడదీసేది. కొత్త బిట్టుకు ఆకుపచ్చ, సగం అరిగితే పసుపు, పారేసే దశకు వస్తే ఎరుపు. బిట్టుకు నాలుగు మూలలుంటాయి. ఒక మూల అరిగితే తిప్పి ఇంకో మూల వాడతాం. అలా ఒక్కో మూల అరిగినప్పుడల్లా దారానికి ఒక ముడి వేసేది. ఆరోజు ఆ టూలు పేరు మీద నాలుగు ముళ్ళతో ఎర్రదారం వేలాడుతూనే ఉంది. దాని ముందునుంచే నేను రెండుసార్లు టీకి వెళ్ళొచ్చాను.

ఆ దారాలను చూస్తూ నిలబడినప్పుడు నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. నా జీవితంలో నాకు వచ్చిన గొప్ప ఆలోచనలన్నీ ఇంకొకరి గోడ మీదే కనపడ్డాయి.

ఆరునెలలు కష్టపడ్డాను. ఆఫీసు కంప్యూటరు నుంచి మిషనుకు కేబుల్ లాగి ఒక సాఫ్ట్‌వేర్ రాశాను. మిషనులోని పన్నెండు టూళ్ళూ స్క్రీను మీద బొమ్మలుగా కనపడతాయి. ప్రతి బొమ్మ పక్కనా ఒక గీత. ఎన్ని పీసులు కోస్తే అంత తరిగిపోతూ ఆకుపచ్చ నుంచి పసుపుకు, పసుపు నుంచి ఎరుపుకు మారుతుంది. పీసులు లెక్కపెట్టే ప్రోగ్రాంకు వారం పట్టింది. రంగులు ఎంచుకోవడానికి రెండు నెలలు పట్టింది. ఎరుపు ఎంత ఎరుపుగా ఉండాలో అడుగుదామని నిర్మలను పెనుకొండ నుంచి ప్రత్యేకంగా పిలిపించాను. ఆమె చూసి “ఎర్రగానే ఉంది” అని తిరుగు బస్సెక్కింది.

చౌడక్కకు చూపించాను. కళ్ళజోడు పైకెత్తి, దించి, చాలాసేపు చూసింది.

“బొమ్మలు బాగుండాయప్పా. ఐతే వీండ్లు చూస్తారంటావా? నా దారాలు చూసినోళ్ళా?”

“ఇది కంప్యూటర్ అక్కా. చూస్తారు.”

“చూడరు. ఎరుపు వచ్చిందంటే మిషన్నే నిలబడిపోయేటట్ల చెయ్. బిట్టు మార్చి, నేను నీ కంప్యూటర్లో సరే అని కొడితేనే మళ్ళా తిరగల్ల.”

నాకు కాస్త చిన్నతనంగా అనిపించింది. నా రంగుల గురించి ఒక్క మాట అని, తన మిషను ఆపడం గురించి నాలుగు మాటలు మాట్లాడింది. అయినా ఆమె చెప్పింది చేశాను. సాఫ్ట్‌వేరులో పట్టుమని పది లైన్లు. ఆ వారం మిషను రెండుసార్లు ఆగింది. రెండుసార్లూ బిట్టు నిజంగానే అరిగిపోయి ఉంది. రెండుసార్లూ ఆపరేటర్లు స్క్రీను వైపు చూడనే లేదని కూడా చెప్పాలి. మిషను చప్పుడు ఆగినందుకు తలెత్తారు, అంతే. ఆ తర్వాత బిట్టు అరిగి సరుకు రిజెక్టయిన రోజు ఒక్కటి కూడా లేదు. రామచంద్రయ్య నా భుజం తట్టి “ఏమో అనుకుంటి గానీ, పనికొచ్చేవోడివే అబ్బా” అన్నాడు.

ఆ మాట నన్ను పాడుచేసింది.

2003లో ఒక పేపర్లో పేటెంట్ల గురించి చదివాను. బెంగళూరు వెళ్ళి ఒక లైబ్రరీలో రెండురోజులు కూర్చుని, లాయరు అవసరం లేదని నాకు నేనే తీర్పు చెప్పుకుని, దరఖాస్తు సొంతంగా రాసేశాను. “నీ పేరు మీదనే వేసుకో అబ్బా, నాకెందుకీ గొడవ” అని రామచంద్రయ్య కాగితం రాసిచ్చాడు. ఏయే అంశాల మీద హక్కు కోరుతున్నామో వరుసగా రాయాలి. వాటిని క్లెయిములంటారు. ఎనిమిది రాశాను. మొదటి ఆరూ స్క్రీను గురించే. బొమ్మలు, గీతలు, రంగులు. ఏడోది మిషను ఆగడం. ఎనిమిదోదానిలో మళ్ళీ రంగులు. ఆవిష్కరణను వివరించే భాగంలో ఒక వాక్యం నాకు ఎంత నచ్చిందంటే, ఇంగ్లీషులో రాసి, తెలుగులో నిర్మలకు చదివి వినిపించాను: ‘అక్షరం ముక్క రాని ఆపరేటరు సైతం ఈ తెరను ఒక్కసారి చూసిన మాత్రాన, ఏమి చేయవలెనో తనంతట తానే నిర్ణయించుకొనగలడు.’

“నిర్ణయించేది ఆపరేటరైతే నీ సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుంది?” అంది నిర్మల.

టీచర్లకు ప్రశ్నలు వేయడం అలవాటని సర్దుకున్నాను.

ఆవిష్కర్తల పేర్లు రాసే ఫారంలో నా పేరు రాశాక కింద ఇంకా చాలా చోటు మిగిలింది. చౌడక్క పేరు గుర్తుకు రాలేదంటే అబద్ధం. గుర్తొచ్చింది. పది లైన్లకు పేరెందుకులే అనుకున్నాను. అసలు సంగతి అది కూడా కాదు. ‘ఆవిష్కర్త: హనుమంతరాయుడు’ అని ఒక్కటే ఉంటే చూడ్డానికి బాగుంది. కింద ఇంకో పేరుంటే, ఏ బస్సులోనో పక్క సీటులో ఎవరో వచ్చి కూర్చున్నట్టుంది.

మూడేళ్ళ తర్వాత పేటెంట్ ఆఫీసు నుంచి అభ్యంతరాల జాబితా వచ్చింది. చదివితే ఒక్క ముక్క అర్థం కాలేదు. అప్పుడు లాయరు కోసం వెతికాను. ధర్మవరం పట్టు వ్యాపారుల ఇంటి అమ్మాయి నవీన బెంగళూరులో పేటెంట్ల పని చూస్తుందని తెలిసింది. ఫైలంతా చదివి ఫోన్ చేసింది.

“రాయుడుగారూ, ఊరికే చూపించేదానికి పేటెంటు ఇవ్వరండీ. సమాచారం చూపించడం ఆవిష్కరణ కాదని చట్టంలోనే ఉంది. మీ దాంట్లో గట్టిది ఏడో క్లెయిము ఒక్కటే. మిషను ఆగిపోతుంది చూడండి, అది. మిగిలినవి తగ్గించి దాన్ని ముందుకు తెద్దాం.”

“రంగులు?” అన్నాను.

“రంగులు వదిలేయండి. ఒక సంగతి అడగాలి. ఈ ఏడోది మీ ఆలోచనేనా? ఇంకెవరిదైనా ఉంటే ఇప్పుడే చెప్పండి, వాళ్ళ పేరు కూడా చేర్పించాలి. తర్వాత బయటపడితే ఇబ్బంది.”

అప్పటికి చౌడక్క ఫ్యాక్టరీలో లేదు. రోజంతా నిలబడి మోకాళ్ళు అరిగాయని 2005లో మానేసి, ధర్మవరంలో అన్న ఇంటికి వెళ్ళిపోయింది. అడ్రసు కనుక్కోవడం కష్టమేమీ కాదు. ‘చౌడక్కది’ అని రెండు క్షణాల్లో చెప్పి ఉండొచ్చు. దానికి బదులు అరగంట మాట్లాడాను. ఏడోది చాలా చిన్న విషయమని, అసలు ఆవిష్కరణ స్క్రీనేనని, లోకం ఇంతవరకు అలాంటి స్క్రీను చూడలేదని చెప్పాను.

“అయితే ఏం చేయమంటారు?”

“ఏడోది కొట్టేయండి.”

“ఆ మాట రాసి, సంతకం పెట్టి పంపండి,” అంది నవీన. పంపాను. మన వేలితో మన కన్నే పొడుచుకోవడానికి సంతకం కూడా కావాలని అప్పుడే తెలిసింది.

2007లో దరఖాస్తు తిరస్కరించారు. ‘ఇది సమాచారాన్ని ప్రదర్శించడం మాత్రమే’ అన్నారు. బుద్ధి ఉన్నవాడైతే అక్కడ ఆగేవాడు. నేను అప్పీలుకు వెళ్దామన్నాను. అప్పటికే పెనుకొండలో మా వీధి సగానికి నాకు పేటెంటు వచ్చేసిందని చెప్పి ఉన్నాను.

గెలిచే ఆశ తక్కువని చెబుతూనే నవీన అప్పీలు తయారుచేసింది. సాఫ్ట్‌వేరుకు ముందు, తర్వాత టూళ్ళ అరుగుదల చూసుకున్నవాళ్ళు ఎవరైనా అఫిడవిట్ ఇస్తే కాస్త బలమంది. అలాంటి మనిషి ఒక్కతే ఉంది. ఆ కాగితం పట్టుకుని ఒక ఆదివారం ధర్మవరం వెళ్ళాను.

చౌడక్క అన్న ఇంటి వెనక రేకుల షెడ్డులో పట్టు నూలుకు రంగులు వేస్తోంది. పొయ్యి మీద రాగి బాన, అందులో ఊదారంగు నీళ్ళు కుతకుతమంటున్నాయి.

“ఏమప్పా రాయుడూ, ఇంత దూరం వస్తివి? ఆ కర్ర పట్టు.”

నేను ఒక కర్ర, ఆమె ఒక కర్ర పట్టుకుని, తడి నూలు కట్టను మెలితిప్పి పిండాం. చేతులు మోచేతిదాకా ఊదారంగయ్యాయి. ఆ తర్వాత కాగితం తీశాను. ఇంగ్లీషులో ఉంది, తెలుగులో చెప్పమంది. చెప్పాను. ఆమె కళ్ళు మూసుకుని విన్నది.

“మిషన్ నిలబడేది చెప్పలేదే?”

“అది తీసేసినాం అక్కా.”

“యాల?”

“లాయరమ్మ తీసేయమంది.”

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. నవీన బెంగళూరులో ఉంది, చౌడక్క ధర్మవరంలో ఉంది, ఇద్దరూ ఎప్పుడూ కలవరనుకున్నాను. చౌడక్క నావైపు కాసేపు చూసి, చీరకొంగుకు చెయ్యి తుడుచుకుని సంతకం పెట్టింది. ‘చౌడక్క’ అని గుండ్రంగా రాసింది. ఆమెకు చదువు రాదని నేను అన్నేళ్ళూ ఎలా అనుకున్నానో తెలియదు. రిజిస్టరు రాయకపోవడం విసుగుతోనేమో.

2009లో చెన్నైలో అప్పీలు బోర్డు ముందు విచారణకు వచ్చింది. కొత్త చొక్కా వేసుకున్నాను. ఎందుకో అక్కడ నా బొమ్మ తీస్తారని అనుకున్నాను. ఇద్దరు సభ్యులు కూర్చున్నారు. నవీన బాగానే వాదించింది. పెద్దాయన ఫైలు తిరగేసి, నా వాక్యాన్ని, నేను నిర్మలకు చదివి వినిపించిన ఆ వాక్యాన్నే, పైకి చదివాడు. అక్షరం ముక్క రాని ఆపరేటరు. తనంతట తానే నిర్ణయించుకొనగలడు.

“అంటే నిర్ణయం తీసుకునేది మనిషి. మీ సాఫ్ట్‌వేరు చూపించి ఊరుకుంటుంది. అంతేనా?” అని నవీనను అడిగాడు.

లెక్కల టీచరు ఆరేళ్ళ కిందట ఇంట్లో ఉచితంగా అడిగిన ప్రశ్న కోసం చెన్నై దాకా వచ్చానని అర్థమైంది.

రెండో సభ్యురాలు ఇంకో కాగితం పైకెత్తింది. “మొదటి దరఖాస్తులో ఏడో క్లెయిము ఉంది. టూలు అరిగితే మిషను ఆగుతుంది. అది ఉండి ఉంటే మేము కొంచెం ఆలోచించాల్సి వచ్చేది. ఎందుకు తీసేశారు?”

నవీన నావైపు తిరిగింది. ఆ సంతకం చేసిన కాగితం ఆమె ఫైల్లోనే ఉంది. తీసి చూపించి తన చేతులు కడుక్కోవచ్చు. చూపించలేదు. నేను లేచి నిలబడ్డాను. అలా లేవకూడదని తర్వాత తెలిసింది.

“అది నా ఆలోచన కాదు మేడమ్,” అన్నాను. “టూలు రూములో చౌడక్క అని ఉండేది. ఆమె చెప్పింది. ఆమె పేరు రాయాల్సి వస్తుందని నేనే తీసేయించాను.”

ధైర్యంతో చెప్పానని ఎవరూ అనుకోవద్దు. ఇంగ్లీషులో అబద్ధం అల్లడానికి సమయం చాలలేదు. నిజమైతే చిన్న చిన్న వాక్యాల్లో సరిపోతుంది.

ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది. పెద్దాయన కళ్ళజోడు తీసి, ఒకసారి వదులుకున్న క్లెయిమును ఈ దశలో మళ్ళీ తెచ్చి అతికించడం కుదరదని, దాని మంచిచెడ్డలు ఇప్పుడు తమ ముందు లేవని నెమ్మదిగా చెప్పాడు. నెలన్నర తర్వాత పోస్టులో ఉత్తర్వు వచ్చింది. అప్పీలు కొట్టేశారు.

విచారణ రోజు మెట్లు దిగుతూ నవీన అన్న మాట ఒకటి ఉంది. “నేను అడిగిన రోజే ఈ మాట చెప్పుంటే, రెండు పేర్లతో వచ్చేదేమో రాయుడుగారూ. రాకపోయినా, మనిద్దరం ఈడ తలదించుకుని దిగాల్సిన పని ఉండేది కాదు.” అంతవరకు బెంగళూరు భాష మాట్లాడిన ఆమె నోట ‘ఈడ’ అని రావడం చూసి, నిజంగా కోపం వచ్చిందని తెలిసింది.

నిర్మలకు అంతా చెప్పాను. ఆమె తిట్టలేదు. “ధర్మవరం ఎప్పుడు పోతున్నావు?” అని మాత్రం అడిగింది.

ఆ ఆదివారమే వెళ్ళాను. షెడ్డులో ఈసారి పసుపు రంగు ఉడుకుతోంది. ఏదీ దాచకుండా చెప్పాను. ఫారంలో మిగిలిన చోటు, నవీన ఫోను, కొట్టేయమని నేను పెట్టిన సంతకం, పోయినసారి ఈ షెడ్డులోనే ఆడిన అబద్ధం. చౌడక్క కర్రతో బానలో నూలు తిప్పుతూనే ఉంది.

“పేరు యెయ్యకుంటే పోయిందిలే. పేటెంటు తెచ్చుకుని నేనేం చేసుకునేదాన్ని?” అంది చివరికి. “ఐతే నా ఇంటికొచ్చి, నా కర్ర పట్టుకుని, నా కండ్లల్లోకి చూసి అబద్ధం చెప్తివే. ఆ పొద్దే తెలుసు నాకు. లాయర్లు ఉండేది చేర్చేదానికి, తీసేసేదానికి కాదు. సంతకం యాల పెడితినో తెలుసునా? ఎప్పుడన్నా నువ్వే వచ్చి చెప్తావేమోనని.”

నేను రెండో కర్ర అందుకున్నాను.

“నాకొకటి చేసిపెట్టు,” అంది. “మా అన్న కొడుకులు ‘ఫ్యాక్టరీలో కసువు ఊడుస్తాంటివా అత్తా’ అని ఎగతాళి చేస్తారు. నేను చేసింది చెప్తే నమ్మరు. ఫ్యాక్టరీ కాయితం మీద రాసి, సార్ సంతకం పెట్టించి తీసుకురా.”

ఇంటికి వచ్చి రాశాను. ‘అపారమైన మేధాశక్తితో, అనితరసాధ్యమైన దూరదృష్టితో’ అని మొదలుపెట్టి పేజీన్నర. మళ్ళీ ధర్మవరం వెళ్ళి చూపించాను.

“ఇదేందప్పా, సన్మాన పత్రం మాదిరి ఉండాది. నేనేం చచ్చిపోయినానా? ఇదంతా కొట్టెయ్.” కలం తీసుకుని తనే కొట్టేసింది. చివరికి మూడు వాక్యాలు మిగిలాయి. బిట్టు అరిగితే మిషను దానంతట అదే ఆగాలని 2001లో మొదట చెప్పింది చౌడక్క. ప్రోగ్రాము రాసింది హనుమంతరాయుడు. ఆ మిషను ఈరోజుకీ అలాగే ఆగుతోంది.

“నా పేరు తీసేయనా అక్కా?” అన్నాను.

“ఉండనీ. రాసింది నువ్వే కదా.”

రామచంద్రయ్య కాగితం చదివి, “ఇది ఆయమ్మ చెప్పిందా? నాకు ఇన్నేండ్లూ నువ్వే అని చెప్తివి కదబ్బా” అన్నాడు. అవునన్నాను. ఆయన సంతకం పెట్టి, ముద్ర వేసి, కాసేపు నావైపు చూసి, కాగితం నా చేతికిచ్చాడు. ఆ చూపు తర్వాత నాలుగు నెలలు నా జీతం పెంపు గురించి ఎత్తలేదు.

కాగితం ఇచ్చినప్పుడు చౌడక్క కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివింది. మొదటి వాక్యం చివర వేలు ఆగింది.

“ఏమని ఉండాది ఈడ?”

వంగి చూశాను. ‘చైడక్క’ అని ఉంది. టైపు చేసింది నేనే. రెండుసార్లు సరిచూసింది కూడా నేనే.

“మళ్ళా కొట్టుకుని రాపో,” అంది, కాగితం నా చేతిలో పెట్టి. “సార్ సంతకం కూడా మళ్ళా కావల్ల. అన్నం తిని పో, మూడుగంటల బండికి ఇంకా టైముండాది.”

అన్నం తిన్నాను. మూడుగంటల బండికి పెనుకొండ దిగి, మర్నాడు పొద్దున్నే రామచంద్రయ్య గది బయట కొత్త కాగితంతో నిలబడ్డాను.